గొలుసులో చివరి చెరువు: ‘సాగుకు పనికిరాదు’ అన్న రిపోర్టును ఎలా చదవాలి

ప్రశ్న: నాలుగు చెరువుల గొలుసులో ఆఖరి చెరువు కింద మాకు మూడెకరాల మాగాణి ఉంది. వానాకాలం వరి వేస్తాం. నీళ్లు మిగిలితే రెండో పంటగా వేరుశనగ. పోయిన ఏప్రిల్ చివర్లో తూము దగ్గర మిగిలిన నీళ్లు ఒక సీసాకు పట్టి ల్యాబుకు ఇచ్చాం. పీహెచ్ 8.5, ఈసీ 1.48, ఎస్‌ఏఆర్ 6.1, ఆర్‌ఎస్‌సీ 3.0 అని వచ్చింది. కింద ‘సాగుకు పనికిరాదు’ అని రాశారు. జూన్‌లో చెరువులో నీళ్లు లేక బోరు నీటితో నారు పోశాం, అది పసుపెక్కింది. వేరుశనగ మడుల్లో రెండేళ్లుగా నీరు సరిగా ఇంకడం లేదు. నాన్న మాత్రం ‘తాతల నాటి నుంచి ఇదే నీరు, దీనికేం రోగం?’ అంటారు. ఊళ్లో కొందరు ఎకరానికి టన్ను జిప్సం వేయమంటున్నారు. చెరువు నీరు మానేయాలా? జిప్సం వేయాలా?

— ఒక రైతు

జవాబు: చెరువు నీరు మానేయకండి. జిప్సం కూడా ఇప్పుడే కొనకండి. మీ ఉత్తరం చదివాక నాకు చెరువు మీద కంటే బోరు మీద అనుమానం ఎక్కువగా ఉంది. ఎందుకో వరుసగా చెబుతాను.

ముందు ఆ సీసా సంగతి. ఎండకు ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఆవిరి కాదు. తూము తీసి వదిలిన నీరు తనలోని ఉప్పును తనతో తీసుకుపోతుంది. ఎండకు పోయిన నీరు మాత్రం తన ఉప్పును చెరువులోనే వదిలి పోతుంది. కేవలం ఆవిరి వల్లే నీరు సగానికి తగ్గితే ఈసీ, అంటే నీటిలో ఉప్పు ఎంత ఉందో చెప్పే అంకె, దాదాపు రెట్టింపవుతుంది. ఏప్రిల్ చివర తూము ముందు గుంటలో మిగిలిన నీటిని పరీక్షించి చెరువంతా ఇలాగే ఉందనడం, సగానికి మరిగిన చారు రుచి చూసి ఉప్పు ఎక్కువేశారని వంట చేసినవాళ్లను తిట్టినట్టు ఉంటుంది. మీ పొలానికి ఆ నీరు పారదు కదా. పారేది ఆగస్టు నుంచి నవంబరు దాకా ఉండే నీరు. దాన్ని ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు.

ఎస్‌ఏఆర్ కూడా అంతే. నీటిలో కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంత ఉందో చెప్పే లెక్క అది. ఆ లెక్కలో వర్గమూలం ఉంది కాబట్టి, అన్ని లవణాలూ సమానంగా నాలుగింతలు చిక్కబడితే ఎస్‌ఏఆర్ రెండింతలవుతుంది. నిజానికి అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. నీరు చిక్కబడే కొద్దీ కాల్షియం, కార్బొనేట్ కలిసి సున్నంగా అడుక్కు దిగిపోతాయి. నీటిలో సోడియం మిగిలిపోతుంది. ఎండాకాలం చెరువు అడుగున రాళ్ల మీద కనిపించే తెల్లటి పొర చాలా చోట్ల ఇదే.

రెండో సంగతి, గొలుసులో మీ స్థానం. పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు వస్తుందని అందరికీ తెలుసు. పై ఆయకట్టులో పారి, మట్టిలో ఇంకి, ఊటగా, మురుగుగా బయటికొచ్చిన నీరు కూడా కింది చెరువుకే చేరుతుంది. దీన్ని మాత్రం అంతగా పట్టించుకోం. ఒక్కో ఆయకట్టు దాటినప్పుడల్లా నీరు కొంత ఉప్పును, కొంత బైకార్బొనేట్‌ను మోసుకొస్తుంది. మన మెట్ట ప్రాంతాల్లో చాలా చోట్ల అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. ఆ రాయి కరిగే కొద్దీ సోడియం, బైకార్బొనేట్ విడుదలవుతాయి. అందుకే గొలుసులో మొదటి చెరువు నీటికీ ఆఖరి చెరువు నీటికీ తేడా ఉండటం సహజం. అదేమీ మీ చెరువుకు పట్టిన రోగం కాదు.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి: మీ చెరువు అలుగు ఆఖరిసారి ఎప్పుడు పారింది? నా దృష్టిలో ఏ ల్యాబు అంకె కంటే ఇదే ముఖ్యం. ఆఖరి చెరువుకు ఉప్పు బయటికి పోయే దారులు మూడే: తూము, కట్ట కింద ఊట, అలుగు. తూము గుండా పోయే ఉప్పు మీ పొలానికే వస్తుంది. అలుగు పారితేనే చెరువు కడిగినట్టు అవుతుంది. పై మూడు చెరువుల్లో పూడిక తీసి, కట్టలు ఎత్తి, నీరంతా పైనే పట్టి ఉంచితే మీ అలుగు ఏళ్ల తరబడి పారకపోవచ్చు. అప్పుడు వచ్చేది వస్తూనే ఉంటుంది, పోవడం ఉండదు. మీ నాన్నగారి మాట అబద్ధం కాదు. ఆయన చూసిన చెరువు తరచూ అలుగు పారిన చెరువు. ఇప్పటి చెరువు అలా పారుతోందా లేదా అన్నది ఆయన్నే అడగండి, లేదా నీరటిని అడగండి. ఆ లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది.

పాతవాళ్లకు ఇది తెలియదనుకోవద్దు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఆరు దోషాలను అందులో చెక్కించారు. తియ్యటి నీటి నది ఒక అంగం, చౌడు నేల ఒక దోషం. నీరు ఎంత అన్నదే కాకుండా ఎలాంటిది అన్నది కూడా అప్పుడే చూశారన్నమాట. శ్రీలంక మెట్ట ప్రాంతపు గొలుసు చెరువుల్లో ఇంకో ముందుచూపు ఉంది. కట్టకూ పొలానికీ మధ్య ‘కట్టకడువ’ అని చెట్లూ పొదలూ ఉన్న పట్టీ వదిలేస్తారు. కట్ట కింద నుంచి ఊరే ఉప్పు నీటిని అది పొలంలోకి రాకుండా ఆపుతుంది. మన దగ్గర చాలా చోట్ల కట్ట మొదలు దాకా దున్నేశాం. మీ మూడెకరాల్లో కట్టకు ఆనుకున్న మడి ఉంటే, చౌడు ముందు అక్కడే కనిపిస్తుంది. చూడండి.

ఇప్పుడు నీరు మళ్లీ పట్టించాలి. ఒక సీసా చాలదు. చెరువు నిండి నీరు తేరాక, అంటే అక్టోబరులో ఒకసారి. వేరుశనగ వేసే ముందు, డిసెంబరులో ఇంకోసారి. తొలి వానలకు వచ్చిన ఎర్రనీరు పట్టొద్దు, పొలాల మీద పేరుకున్నదంతా అందులో ఉంటుంది. చెరువులో తూము దగ్గర ఒకటి, పై చెరువు నుంచి నీరు వచ్చే వాగు మొదట్లో ఒకటి, మీ బోరు నీరు ఒకటి, మొత్తం మూడు సీసాలు. బోరును పావుగంటైనా నడిపాకే పట్టండి. పైపులో రాత్రంతా నిలిచిన నీరు పనికిరాదు.

లీటరు ప్లాస్టిక్ సీసా, మూత గట్టిగా బిగిసేది తీసుకోండి. పట్టబోయే నీటితోనే మూడుసార్లు కడగండి. గేదెలు దిగే ఒడ్డున కాకుండా కాస్త లోపలికి వెళ్లి, మోకాటి లోతు నీటిలో జానెడు కిందికి ముంచి, గాలి లేకుండా నిండా పట్టి, నీటిలోనే మూత పెట్టండి. పొద్దున్నే పట్టండి. ఎండెక్కాక నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది. పచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9 చూపించినా ఆశ్చర్యం లేదు, తెల్లారేసరికి దిగుతుంది. మీ 8.5 లో ఇది ఎంతో మనకు తెలియదు. అందుకే పీహెచ్ ఒక్కటి చూసి టెన్షన్ పడొద్దు. సీసా మీద చోటు, తేదీ, టైము రాసి, నీడలో ఉంచి, ఆ రోజో మర్నాడో ఇచ్చేయండి.

రిపోర్టు వచ్చాక కింద రాసిన తీర్పు ముందుగా చదవకండి, అంకెలు చదవండి. ల్యాబు మిల్లీగ్రాముల్లో ఇస్తే కాల్షియాన్ని 20తో, మెగ్నీషియాన్ని 12.2తో, సోడియాన్ని 23తో, పొటాషియాన్ని 39తో, బైకార్బొనేట్‌ను 61తో, కార్బొనేట్‌ను 30తో, క్లోరైడును 35.5తో, సల్ఫేటును 48తో భాగించండి. మిల్లీ ఈక్వివలెంట్లు వస్తాయి, అంటే అన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చగలిగే కొలత. సోడియం, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఒక పక్క కూడండి. మిగతావి రెండో పక్క. రెండు మొత్తాలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఆ మొత్తాన్ని 10తో భాగిస్తే సుమారుగా ఈసీ రావాలి. రాకపోతే ఆ రిపోర్టులో ఎక్కడో తప్పుంది, మళ్లీ చేయించండి. మీరు జత చేసిన కాగితంలో కాల్షియం 1.8, మెగ్నీషియం 3.2, సోడియం 9.6, పొటాషియం 0.2, కలిపి 14.8. ఈసీ 1.48. ఇంతవరకు ల్యాబు పని బాగానే చేసింది. మనం పట్టిన నీరే తప్పు.

ఇంకో చిన్న మాట. ఈసీని కొందరు 1.48 అని, కొందరు 1480 అని రాస్తారు. మొదటిది మీటరుకు డెసీసీమెన్స్, రెండోది సెంటీమీటరుకు మైక్రోసీమెన్స్. రెండూ ఒకటే. టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం బరువు, వేరు. పెన్ను లాంటి మీటరు కొంటే ఈసీ చూపించేదే కొనండి. నెలకోసారి తూము దగ్గర ముంచి ఒక నోట్‌బుక్కులో రాసుకుంటే, ఖరీదైన పరీక్షలు చాలా వరకు అక్కర్లేకుండా పోతాయి.

ఇక పనికొస్తుందా, రాదా. ఏప్రిల్ అంకెల్నే నిజమనుకుని చూద్దాం. ఈసీ 1.48 వరికి అసలు సమస్యే కాదు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ పట్టికల ప్రకారం సాగునీటి ఈసీ 2.0 దాకా వరి దిగుబడి తగ్గదు, వేరుశనగకు 2.1 దాకా ఫరవాలేదు. అదే చిక్కుడు జాతి బీన్స్‌కైతే 0.7 దగ్గరే తగ్గడం మొదలవుతుంది. కాబట్టి ‘పనికిరాదు’ అని ల్యాబు రాసింది ఈసీని చూసి కాదు, ఆర్‌ఎస్‌సీ 2.5 దాటినందుకు.

ఆర్‌ఎస్‌సీ అంటే కార్బొనేట్, బైకార్బొనేట్ మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని తీసేస్తే మిగిలేది. మీ నీటిలో 8.0 లోంచి 5.0 పోతే 3.0. ఇలా మిగులు ఉన్న నీరు మట్టిలో ఆరితే కాల్షియం సున్నంగా మారిపోతుంది, సోడియం మట్టి రేణువులను పట్టుకుంటుంది. ఈ లెక్కను 1950లో ఈటన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. 1.25 లోపు మంచిది, 2.5 దాటితే వద్దు అన్న హద్దులు 1954లో అమెరికా లవణ పరిశోధనశాల ప్రచురించిన కరదీపికతో ప్రచారంలోకి వచ్చాయి. ల్యాబులు ఇప్పటికీ దాన్నే ముద్ర కొడతాయి. మన దేశంలో కర్నాల్‌లోని కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ వర్గీకరణ వేరేగా ఉంది. ఎస్‌ఏఆర్ 10 లోపు ఉండి ఆర్‌ఎస్‌సీ 2.5 నుంచి 4 మధ్య ఉంటే ‘కొద్దిపాటి క్షార నీరు’ అంటారు. అంటే జాగ్రత్తగా వాడుకోవచ్చు. ఏడాదికోసారి రుతుపవనాల వాన మట్టిని కడిగే మన నేలకు ఈ లెక్కే నప్పుతుందని నా అభిప్రాయం. మీ ఏప్రిల్ నీరు, అంటే ఏడాదిలో అన్నిటికంటే చెడ్డ నీరు కూడా, ఈ గీత లోపలే ఉంది.

మరి వేరుశనగ మడుల్లో నీరెందుకు ఇంకడం లేదు? వరికి దమ్ము చేసి మట్టిని మనమే నీరు ఇంకకుండా చేస్తాం కాబట్టి సోడియం చేసే చెడు వరిలో బయటపడదు. తర్వాత వేసే ఆరుతడి పంటలో పడుతుంది. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. సోడియం పట్టిన మట్టి ఉప్పు నీరు పారుతున్నంత సేపు కాస్త బాగానే ఉంటుంది. దాని మీద వాన నీరు లాంటి తేలిక నీరు పడగానే రేణువులు విడిపోయి, రంధ్రాలు మూసుకుపోయి, ఆరాక పైన పెచ్చు కడుతుంది. ఎస్‌ఏఆర్ 6 నుంచి 12 మధ్య ఉన్న నీటికి ఈసీ 1.9 పైన ఉంటే ఇంకడంలో ఇబ్బంది ఉండదు. అంతకంటే తగ్గితే కొద్దిగా ఇబ్బంది మొదలవుతుంది, 0.5 లోపైతే ఇబ్బంది తీవ్రం. అందుకే ఎస్‌ఏఆర్‌ను ఎప్పుడూ ఈసీ పక్కన పెట్టి చదవాలి, విడిగా కాదు.

అయితే ఆ సోడియం మీ మట్టికి ఎక్కడి నుంచి వచ్చింది? వేరుశనగకు ఏ నీరు ఎక్కువ పెట్టారో మీరు రాయలేదు. జనవరి తర్వాత ఆఖరి చెరువులో నీళ్లుండటం తక్కువ కాబట్టి బోరే నడిపి ఉంటారని ఊహిస్తున్నాను. నారు పోసింది కూడా బోరు నీటితోనే అని మీరే రాశారు. గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఆర్‌ఎస్‌సీ చెరువు నీటి కంటే ఎక్కువ ఉండటం మామూలే. చెరువు నీటికి ఏటా వాన కలుస్తుంది, లోతు బోరుకు అంతగా కలవదు. పైగా నారు దశలో వరి ఉప్పుకూ క్షారానికీ బాగా సున్నితం, మళ్లీ పూత దశలోనూ అంతే. బైకార్బొనేట్ ఎక్కువైతే జింకు, ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకు అందవు. పసుపెక్కిన నారులో ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలుంటే జింకు లోపం. లేత ఆకులు పాలిపోయి తెల్లబడితే ఇనుము లోపం. జింకు లోపానికి లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే తేరుకుంటుంది. పురుగు మందుల్లో కలపొద్దు. వచ్చే ఏడు చెరువులో నీరు చేరే దాకా ఆగి నారు పోయగలిగితే ఆగండి. ఆగలేకపోతే నారుమడికి మాత్రం పక్కవాళ్ల మంచి నీరు అడిగి పెట్టుకోండి. నారుమడి చిన్నదే కదా. బోరు నీటిని పిలకల దశ తర్వాత, చెరువు నీటితో మార్చి మార్చి వాడండి.

మట్టి సంగతి ఇంట్లోనే కొంత తెలుస్తుంది. వేరుశనగ మడిలోంచి ఎండిన మట్టి బెడ్డ ఒకటి, శనగ గింజంత, గాజు గ్లాసులో వాన నీరో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో పోసి మెల్లగా వేయండి. కదపకండి. కొన్ని గంటల తర్వాత బెడ్డ చుట్టూ పాలలా తెల్లటి మబ్బు కమ్మితే సోడియం పట్టినట్టే. బెడ్డ విడిపోయి కింద కూర్చున్నా, నీరు తేటగా ఉంటే అంత భయం లేదు. బోరు నీటిలో మాత్రం వేసి చూడకండి, అందులోని ఉప్పు వల్ల మబ్బు కమ్మదు, మోసపోతారు. మబ్బు కమ్మితే మట్టిని ల్యాబుకు పంపి పీహెచ్, మార్పిడి సోడియం శాతం (మట్టి రేణువులు పట్టుకున్న వాటిలో సోడియం వాటా), జిప్సం అవసరం, ఈ మూడూ అడగండి. సోడియం శాతం 15 దాటితేనే దాన్ని నిజమైన చౌడు అంటారు.

కాల్షియం ఇచ్చే జిప్సం లెక్క కూడా చెబుతాను, టన్ను అన్న మాట ఎక్కడ నిలుస్తుందో చూడండి. నీటిలో ఒక మిల్లీ ఈక్వివలెంటు ఆర్‌ఎస్‌సీ తగ్గించాలంటే లీటరుకు 86 మిల్లీగ్రాముల శుద్ధ జిప్సం కావాలి. ఎకరంలో మొత్తం పంటకు మీటరు లోతు నీరు పెడితే అది సుమారు 350 కిలోలు. మీ ఏప్రిల్ నీటినే పెట్టారనుకున్నా 3.0 ను 2.5 కు దించడానికి 175 కిలోలు చాలు. బజారులో దొరికే జిప్సం శుద్ధి 70 శాతమే అయితే 250. చెరువు నిండినప్పటి నీటికి బహుశా అసలు అక్కర్లేదు. బోరు నీటికి ఎంతో ఆ సీసా ఫలితం వస్తే ఇదే లెక్కతో మీరే కట్టుకోవచ్చు. మట్టి ఇప్పటికే చౌడెక్కి ఉంటే దానికి కావలసింది వేరే లెక్క, అది మట్టి పరీక్ష చెబుతుంది. జిప్సం విడగొట్టిన సోడియం నీటితో కిందికో బయటికో పోవాలి. మడికి మురుగు కాలువ లేకపోతే ముందు అది తవ్వండి. జిప్సం వేసి, నీరు నిలగట్టి, ఆ నీటిని తీసేయకపోతే డబ్బు దండగ. వరికి ముందు జీలుగ వేసి కలియదున్నితే చౌడుకు అది మంచి మందు, జిప్సం పని కూడా సులువవుతుంది.

పై చెరువుల్లో ఏదైనా ఊరి మురుగు కలుస్తుంటే పరీక్షల్లో నైట్రేటు, బోరాన్ కూడా చేర్చమనండి. నైట్రేటు నత్రజని లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే ఆ మేరకు యూరియా తగ్గించాలి. లేకపోతే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది. బోరాన్ 0.7 లోపు ఉంటే దిగులు లేదు. ఆ నీటితో పచ్చిగా తినే కూరగాయలు, ఆకుకూరలు మాత్రం పెంచొద్దు.

అక్టోబరు సీసాల ఫలితాలు వచ్చాక మళ్లీ రాయండి. ఆర్‌ఎస్‌సీ ఒక్కటే రాసి పంపకుండా కాగితంలో ఉన్న అంకెలన్నీ, గ్లాసులో బెడ్డ ఎలా ఉందో, అలుగు ఆఖరిసారి ఏ ఏడాది పారిందో కూడా రాయండి.